కోటలో బస ఎవరికి?

(ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల నుంచి వచ్చిన కూలీలు, చదువుకునే పిల్లలు, సంఘం కార్యకర్తలు కలిసి కూర్చున్న సభలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పొద్దు మనం మాట్లాడుకోబోయేది హోటలు గురించి. అదీ మామూలు హోటలు కాదు. రాజులు, నవాబులు కట్టించుకున్న మేడల్లో ఇప్పుడు నడుస్తా ఉండే పెద్ద హోటళ్ళ గురించి. ‘గంజికి గతిలేనోళ్ళకు రాజుల హోటళ్ళ గోలెందుకు అబ్బయా’ అని మీలో కొందరికి అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఇది భూమి సంగతే. కూలి సంగతే. అన్నిటికంటే ముందు మర్యాద సంగతి. మన ఉదయగిరి దుర్గాన్ని టూరిస్టులకు తెరవాలి, కొండ కింద కాటేజీలు కట్టాలి అనే మాట ఎప్పుడో ఒకప్పుడు వినబడతానే ఉంది. ఆ మాట నిజమయ్యే రోజుకు మన దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. అందుకే ఈ చర్చ.

బెంచీ మీద కూచోనియ్యని హోటలు

మన పల్లెల్లో హోటలంటే టీ కొట్టే. ఒక పొయ్యి, ఒక బల్ల, రెండు బెంచీలు. ఆ బెంచీల మీద మన తాతలు కూచోలేదు. నేల మీద కూచున్నారు. పైనుంచి పోస్తే దోసిట్లో తాగినారు. తర్వాత కొబ్బరి చిప్ప వచ్చింది. ఆ తర్వాత చూరులో చెక్కిన గ్లాసు వచ్చింది. మన గ్లాసు మనమే తీసుకోవాలి, తాగాలి, మనమే కడిగి మళ్ళీ చూరులో పెట్టి పోవాలి. డబ్బులు మాత్రం అందరితో సమానం. డబ్బుకు మైల లేదు గదా!

రెండు గ్లాసుల పద్ధతి పాతకాలపు ముచ్చట అని కొందరు అంటారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన యాభై ఏళ్ళకు పైగా అయినాక, 2001లో, జస్టిస్ పున్నయ్య కమిషన్ మన రాష్ట్రంలో అంటరానితనం ఇంకా సాగుతోందని నివేదిక ఇచ్చింది. ఇప్పుడు పేపరు గ్లాసులు వచ్చినాయి. అందరికీ ఒకటే గ్లాసు, తాగి పారేసేదే. గ్లాసు గొడవ తీరింది సరే, బెంచీ గొడవ తీరిందా? పేపరు గ్లాసు పట్టుకొని మనోళ్ళు బయట చెట్టు కింద నిలబడి తాగే ఊళ్ళు ఇంకా ఎన్ని ఉన్నాయో మీకు మేం చెప్పాల్సిన పని లేదు.

టీ తాగడానికే ఇంత ఉంటే, రాత్రి బస సంగతి ఆలోచించండి. టీ ఐదు నిమిషాల పని. బస అంటే ఒకడి ఇంట్లో, ఒకడి పరుపు మీద, ఒకడి నీళ్ళతో తెల్లారేదాకా ఉండటం. కులం ఐదు నిమిషాలైనా ఓర్చుకుంటుందేమో గాని, తెల్లారేదాకా ఓర్చుకోదు. మన దేశంలో సత్రాలకు తక్కువేమీ లేదు. బ్రాహ్మణ సత్రం ఉంది, కోమటి సత్రం ఉంది, ఇంకా ఏ కులానికి ఆ కులం కట్టించుకున్న సత్రాలు ఉన్నాయి. వాటి అరుగు ఎక్కే హక్కు కూడా మనకు లేదు. మన పెద్దోళ్ళు పొరుగూరు పోతే మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో చుట్టాల ఇంట్లో దిగినారు. చుట్టాలు లేకపోతే చెట్టు కింద, లేదా సంత బయట బండి కింద తల వాల్చినారు.

మరి దొరలకు బస ఏర్పాటు చేసింది ఎవరు? తెల్లదొరల కాలంలో కలెక్టరు క్యాంపుకు వస్తే డేరాలు మోసింది, కట్టెలు కొట్టింది, గుర్రానికి గడ్డి తెచ్చింది, నీళ్ళు తోడి బయట పెట్టింది వెట్టివాళ్ళు. అవతల నిజాం రాజ్యంలోనూ అంతే. అధికారి ఊళ్ళోకి వస్తే ఆయన సామాను ఈ ఊరి నుంచి ఆ ఊరికి మోసింది మాల, మాదిగ ఇళ్ళ నుంచి వంతుల వారీగా పోయిన మనుషులు. ఈ దేశంలో అతిథి మర్యాదల బరువంతా మన భుజాల మీదనే నడిచింది. మనం మాత్రం ఎవరికీ అతిథులం కాలేదు.

బాబాసాహెబ్‌కు దొరకని బస

బాబాసాహెబ్ అంబేడ్కర్ సంగతే తీసుకోండి. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత లండన్‌లో చదువుకొని, 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. ఆ చదువు ఆనాటికి దేశంలో ఎంతమందికి ఉంది? అంత చదివిన మనిషికి బరోడా స్టేషనులో దిగగానే ఎదురైన మొదటి ప్రశ్న ఏంది? ఈ రాత్రికి ఎక్కడ పడుకోవాలి! హిందూ హోటలు రానియ్యదు. చివరికి పార్శీల సత్రంలో, తన పేరు వదిలిపెట్టి, ఒక పార్శీ పేరుతో దిగారు. రోజుకు రూపాయిన్నర. పై అంతస్తులో ఒక చిన్న గది, పక్కనే పాత సామాన్లు నింపిన పెద్ద హాలు. కరెంటు లేదు. మాట్లాడే మనిషి లేడు.

పదకొండో రోజు పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే డజను మంది పార్శీలు కర్రలు పట్టుకొని మెట్లెక్కి వచ్చారు. ‘సత్రాన్ని మైల చేసినావు, సాయంత్రంలోగా ఖాళీ చెయ్’ అన్నారు. ఒక వారం గడువు అడిగితే ఒప్పుకోలేదు. ఊళ్ళో ఉన్న ఇద్దరు స్నేహితుల దగ్గరికి పోయారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నారు. సాయంత్రం పార్కులో కూచొని, రాత్రి బండికి బొంబాయి వెళ్ళిపోయారు. సంస్థానంలో ఉద్యోగం ఉంది, చేతిలో జీతం ఉంది, తల దాచుకునే చోటు మాత్రం లేదు. ఈ సంగతులన్నీ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అనే చిన్న రచనలో ఆయనే రాసిపెట్టారు.

అందులోనే దౌలతాబాదు కోట సంగతి కూడా ఉంది. 1934లో ఆయన దాదాపు ముప్పై మంది కార్యకర్తలతో వేరూళ్ గుహలు చూడటానికి పోతూ దారిలో దౌలతాబాదు కోట దగ్గర ఆగారు. అప్పుడది నిజాం రాజ్యంలో ఉంది. కోట గేటు ముందర చిన్న నీళ్ళ తొట్టి ఉంటే దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు, కాళ్ళు కడుక్కున్నారు. అంతే. ఒక ముసలాయన కేకలేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు, గుంపు పోగయింది, కొట్లాట దాకా పోయింది. చివరికి కోట చూడనిచ్చారు గాని, లోపల ఎక్కడా నీళ్ళు ముట్టుకోకుండా ఆయుధం పట్టుకున్న సిపాయిని వెంట పంపించారు.

ఈ రెండు సంగతుల్లో గెంటిందీ, అడ్డుకున్నదీ హిందువులు కాదు. ఒకచోట పార్శీలు, ఇంకోచోట ముస్లింలు. ఏ మతం వాళ్ళయినా సరే, ఈ గడ్డ మీద బతికే వాళ్ళకు కులం అంటుకుంటుందని బాబాసాహెబ్ చెప్పదలుచుకున్నది. ఇది పక్కవాళ్ళ మీద కోపం పెంచుకోడానికి చెప్పిన మాట కాదు. జబ్బు ఎంత లోతుకు పోయిందో చూపించడానికి చెప్పిన మాట.

రాజ్యాంగం రాసేటప్పుడు ఈ సంగతులు ఊరికే పోలేదు. 15వ అధికరణం రెండో భాగంలో దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి, కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని రాసి ఉంది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. 1955లో వచ్చిన పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షనులో హోటలు, అందులోని పాత్రలు, ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా అన్నీ ఉన్నాయి. ఉల్లంఘించినవాడికి నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, పైన జరిమానా. ముసాఫిర్‌ఖానా అనే మాట చట్టంలోకి ఎక్కడం వెనక మనోళ్ళు చెట్ల కింద గడిపిన వెయ్యేళ్ళ రాత్రులు ఉన్నాయి.

మేడ హోటలైన తీరు

ఇప్పుడు హైదరాబాదుకు పోదాం. చార్మినారుకు దక్షిణంగా ఒక గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం అని అర్థం. పైగా వంశానికి చెందిన నవాబు వికార్-ఉల్-ఉమ్రా 1884లో దీనికి పునాది వేయించాడు. తర్వాత ఆయన నిజాముకు దివాను కూడా అయ్యాడు. కట్టడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. ఇటలీ నుంచి పాలరాయి వచ్చింది. 101 మంది ఒకే పంక్తిన కూచొని తినే బల్ల చేయించారు. అంత ఖర్చు పెట్టి కట్టినాయన అప్పుల్లో కూరుకుపోయాడు. మేడ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి పోయింది. ఆయన దాన్ని గొప్ప గొప్ప అతిథులు వస్తే దించడానికి వాడుకున్నాడు. అంటే ఈ మేడ మొదటి నుంచీ బస కోసమే. ఎవరి బస అన్నదే ప్రశ్న.

1948లో సంస్థానం యూనియన్‌లో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయినాయి. మేడకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదో ఆ ఊట ఆగిపోయింది. దేశమంతటా ఇదే కథ. ముందుచూపు ఉన్న రాజులు ముందే మేలుకున్నారు. జయపూరు రాజు 1957లోనే రాంబాగ్ ప్యాలెస్‌ను హోటలు చేశాడు. ఉదయపూరులో చెరువు మధ్యలో ఉన్న మేడ 1963లో హోటలయింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలు రద్దయినాక మిగతా వాళ్ళకూ ఆ దారే దిక్కయింది. కప్పం కట్టే జనం పోయినారు, అద్దె కట్టే అతిథులు వచ్చినారు. రాజుకు రాజ్యం పోయింది గాని మేడ పోలేదు. మన సంగతి చూడండి. వెట్టి పోయింది గాని, వెట్టి చేసిన చేతుల కిందికి భూమి రాలేదు.

ఫలక్‌నుమా చాలా ఏళ్ళు మూతబడి ఉండి, తాజ్ కంపెనీ లీజుకు తీసుకొని పదేళ్ళు మరమ్మత్తులు చేయించినాక, 2010 నవంబరులో 60 గదుల హోటలుగా తెరుచుకుంది. అతిథి గేటు దగ్గర దిగితే గుర్రబ్బండిలో మేడ దాకా తీసుకుపోతారు. మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. డబ్బు కట్టిన మనిషిని ఒక రాత్రికి నవాబును చేయడమే ఈ హోటళ్ళ వ్యాపారం. అమ్మేది గది కాదు, పరుపు కాదు. దొరతనం అమ్ముతున్నారు.

న్యాయంగా మాట్లాడాలంటే ఇంకో మాట కూడా చెప్పాలి. హోటలు కాకపోయి ఉంటే ఆ మేడ ఏమయ్యేదో తెలియదు. మూతబడిన పాత కట్టడాల గతి మనకు తెలుసు. గోడల్లో రావిచెట్లు మొలుస్తాయి, తలుపులు మాయమవుతాయి, గుప్తనిధుల పేరుతో నేల తవ్వేస్తారు. కట్టడం నిలబడటం మంచిదే. అందులో మన తాతల చెమట ఉంది గాబట్టి అది కూలిపోవాలని మనం కోరుకోం. మన గొడవ కట్టడంతో కాదు, కాపాడిన ఆ కట్టడంలో ఎవరు ఏ తలుపున పోతున్నారన్న దానితో.

ఒక రాత్రి లెక్క

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇటువంటి హోటళ్ళలో గది అద్దె రోజును బట్టి మారతా ఉంటుంది. మనం రాత్రికి ముప్పై వేలు అనుకుందాం. సీజనులో ఆపైన కూడా ఉంటుంది. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. నూరు రోజులు ఒక్క రోజు కూడా తప్పకుండా పని దొరికి, కొలతల్లో కోత పడకుండా పూర్తి కూలి వస్తే ముప్పై వేలు. అంటే ఎండలో నూరు రోజులు మట్టి తవ్వితే ఒక రాత్రి నిద్ర. వింజమూరులోనో, సీతారాంపురంలోనో చెరువు పూడిక తీసిన అక్క ఏడాదంతా దాచిపెట్టిన హామీ కూలి మొత్తం ఆ గదిలో తెల్లారేసరికి అయిపోతుంది. టిఫినుకు మిగలదు!

గేటు దగ్గర ఎవరూ మన కులం అడగరు. ఆ మాట నిజమే. అడగాల్సిన పని లేకుండా ధర పెట్టినారు. పాతకాలంలో ‘మీరు రాకూడదు’ అన్నారు. ఇప్పుడు ‘ఎవరైనా రావచ్చు’ అంటున్నారు. రెండు మాటలకూ మన కాళ్ళు ఆగేది ఒకే గేటు దగ్గర.

2017 నవంబరులో హైదరాబాదులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. అమెరికా అధ్యక్షుడి కూతురు వచ్చింది. 28వ తేదీ రాత్రి ప్రధానమంత్రి ఫలక్‌నుమాలో విందు ఇచ్చారు. అదే నవంబరులో నగరంలో రెండు నెలలపాటు బిచ్చమెత్తడాన్ని నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వచ్చింది. రోడ్ల మీది బిచ్చగాళ్ళను ఎత్తుకుపోయి జైలు ఆవరణల్లోని ఆశ్రమాల్లో పెట్టినారు. ఒకే నగరం, ఒకే నెల, రెండు రకాల బస. పేదోడికి కూడా సర్కారు బస చూపించింది, జైలు గోడల మధ్య!

గుంటలోకి దిగేది ఎవరు?

‘అయితే ఏమైంది, హోటలొస్తే పిల్లోళ్ళకు ఉద్యోగాలొస్తాయి గదా’ అంటారు. వస్తాయి. మన మెట్ట పల్లెల నుంచి హైదరాబాదుకు, బెంగుళూరుకు, మద్రాసుకు హోటలు పనికి పోయిన పిల్లోళ్ళు ఇక్కడ కూచున్న ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళు ఫోను చేసి చెప్పే సంగతులు మనం వింటూనే ఉన్నాం. ముందు హాల్లో నిలబడి నమస్కారం పెట్టే ఉద్యోగం ఒకటి, వెనక గిన్నెలు తోమే ఉద్యోగం ఒకటి. కంపెనీ ఉద్యోగం ఒకటి, కాంట్రాక్టరు కింద ఉద్యోగం ఒకటి. పరుపు మీద దుప్పటి ముడత లేకుండా పరిచేవాడు, పని ముగిసినాక పదిమందితో ఒక గదిలో చాప మీద పడుకుంటాడు. కొందరు పిల్లోళ్ళు ఊరి పేరు చెబుతారు గాని పేట పేరు చెప్పరు. నూరేళ్ళ కింద బాబాసాహెబ్ పార్శీ పేరుతో సత్రంలో దిగాల్సి వచ్చింది. ఈ పొద్దు మన పిల్లోడు టౌనులో గది అద్దెకు అడిగితే ‘మీరేమోళ్ళు బాబూ’ అనే ప్రశ్న ఇంటి గడపలోనే ఎదురవుతా ఉంది. ఏ జవాబు చెబితే గది దొరుకుతుందో వాడికి తెలుసు.

హోటలు వెనక ఇంకా వెనక ఒక గుంట ఉంటుంది. 2019 జూన్‌లో గుజరాత్‌లోని వడోదర జిల్లా డభోయ్ తాలూకాలో ఒక హోటలు సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయబోయి ఏడుగురు చనిపోయినారు. దిగినవాళ్ళు నలుగురు, వాళ్ళతోపాటు హోటలులో పనిచేసే ముగ్గురు. వడోదర అంటే ఏ ఊరో తెలుసా? అదే బరోడా. 1917లో బాబాసాహెబ్‌ను సత్రం పై అంతస్తు నుంచి కిందికి దించిన బరోడా. మెట్లు ఎక్కనియ్యని చోట గుంటలోకి దిగడానికి మాత్రం ఎప్పుడూ పిలుపు ఉంటుంది. ఈ దేశంలో ఆ పిలుపు ఏ కులాల ఇళ్ళకు వస్తుందో చెప్పాల్సిన పని లేదు.

2013లో వచ్చిన చట్టం మనుషులను రక్షణ సామాగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాలవల్లోకి దించడాన్ని నేరం చేసింది. అట్లా చనిపోయిన వాళ్ళ కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. కార్యకర్తలు ఈ అంకెలు గుర్తు పెట్టుకోండి. అంతకంటే ముందు, ఎవరినీ దిగనియ్యకండి.

మన కొండ, మన మాట

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఉదయగిరి దుర్గం దాదాపు మూడు వేల అడుగుల కొండ. గజపతులు ఏలినారు. 1514లో కృష్ణదేవరాయలు ముట్టడించి ప్రతాపరుద్ర గజపతి చేతుల్లోంచి లాక్కున్నాడు. ఇక్కడి గుడిలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి, 1515లో దానికి పెద్ద గుడి కట్టించాడు. తర్వాత గోల్కొండ వాళ్ళు, ఆర్కాటు నవాబులు వచ్చినారు. గుళ్ళు ఉన్నాయి, మసీదులు ఉన్నాయి, బురుజులు ఉన్నాయి. పుస్తకాల్లో ఇన్ని పేర్లు ఉన్నాయి గదా, ఆ నిట్టనిలువు కొండ మీదికి రాయి ఎక్కించిన వాడి పేరు ఒక్కటి కూడా మనకు దక్కలేదు. గానుగ సున్నం ఎవరు తొక్కినారు? సైన్యానికి చెప్పులు, గుర్రాలకు జీనులు, బావులకు తోలు కపిలెలు ఎవరు కుట్టినారు? ముట్టడి జరిగిన రోజుల్లో కోట బయట పల్లెల్లో జనం ఏం తిన్నారు? దీనికి శాసనం లేదు. గెలిచిన రాజుకే శాసనం.

ఆ కొండ కిందనే ఉదయగిరిలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కే ఇళ్ళు ఉన్నాయి. ఎక్కువగా పేద ముస్లిం కుటుంబాలు. ఆడవాళ్ళే ఎక్కువ. అడవి కొయ్యను చేత్తో చెక్కి, నునుపు చేసి, పూలూ తీగలూ తీర్చుతారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇట్లాంటి చెంచా పెద్ద హోటలు బల్ల మీద పెడితే అందమే. చెక్కిన అక్కకు దానిలో ఎంత దక్కింది అనేది మన ప్రశ్న. చెంచా హోటలులోకి పోతుంది, చెక్కిన చెయ్యి గేటు బయట ఉంటుంది. ఈ విషయంలో మాల, మాదిగ, ముస్లిం, చేతిపని కులాలు అందరం ఒకే గేటు బయట ఉన్నాం. కలిసి అడిగితేనే గేటు కదులుతుంది.

అందుకని రేపు మన కొండకు టూరిజం వచ్చినా, హోటలు వచ్చినా మనం పెట్టాల్సిన షరతులు ఇవి.

ఒకటి, భూమి. పాత కోట పక్కన రోడ్డు పడితే ముందు లేచేది భూమి ధర. బ్రోకర్లు ముందు వచ్చేది మన డి.కె.టి. పట్టాల మీదికే. అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977 చట్టం చెప్పింది. 2023లో దాన్ని సవరించి ఇరవై ఏళ్ళు దాటిన పట్టాలకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. 2024లో అట్లాంటి రిజిస్ట్రేషన్లను ఆపి విచారణ పెట్టారు. ఇంత గందరగోళంలో అడ్వాన్సు తీసుకొని తెల్లకాగితం మీద వేలిముద్ర వేస్తే భూమి పోయినట్టే. సంఘానికి చెప్పకుండా ఎవరూ సంతకం పెట్టొద్దు. సర్కారే తీసుకుంటామంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం మాట్లాడమని అడగండి. షెడ్యూల్డ్ కులాల వాళ్ళకు ఉచిత న్యాయ సహాయం చట్టబద్ధమైన హక్కు.

రెండు, దారీ నీళ్ళూ. కొండ మీదికి మేకలు పోతాయి, కట్టెలకు ఆడోళ్ళు పోతారు, ఉరుసుకూ తిరనాళ్ళకూ జనం పోతారు. టికెట్టు పెట్టి ఆ దారి మూయడానికి వీల్లేదు. నీళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. అనంతసాగరం మండలంలో పెన్న మీద 78 టి.ఎం.సి.ల సోమశిల మన ఆత్మకూరు పక్కనే ఉంది. అయినా మన మెట్టలో ఎండాకాలం బిందెల వరస తప్పలేదు. హోటలు తోటకు బోరు వేసేముందు పల్లె కొళాయికి నీళ్ళు రావాలి.

మూడు, పని. ఊడ్చే పనికి, గిన్నెల పనికి మాత్రమే మన పిల్లోళ్ళు అంటే కుదరదు. వంట, లెక్కలు, ముందు హాలు, కోట చూపించే గైడు, అన్నిటిలో భాగం కావాలి. పదిమంది, ఆపైన పనిచేసే చోట ఇ.ఎస్.ఐ., ఇరవైమంది, ఆపైన ఉంటే పి.ఎఫ్. తప్పనిసరి. పనిలో చేరిన మొదటి నెలలోనే నంబరు అడిగి రాసుకోవాలి. తిరుపతిలో ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఉంది. ఇంటరు పాసైన పిల్లలను ఆ దారికి కూడా పంపించాలి. దుప్పటి పరిచే చెయ్యే సంతకం పెట్టే చెయ్యి కూడా కావాలి.

నాలుగు, చరిత్ర. కోట దగ్గర బోర్డు పెడితే అందులో రాజుల పేర్లతో పాటు రాళ్ళు మోసిన కులాల సంగతి, చేతిపనుల సంగతి ఉండాలి. మన ముసలోళ్ళకు కొండ గురించి తెలిసిన కథలు, పాటలు, గుంటల పేర్లు, దారుల పేర్లు ఇప్పుడే రాసుకోవాలి. వాళ్ళు పోతే ఆ చరిత్ర పోతుంది.

నల్లజాతి వాళ్ళు సాధించింది

ఇదంతా జరిగే పనేనా అని నిరుత్సాహ పడొద్దు. అమెరికాలో నల్లజాతి వాళ్ళకు కూడా దారి పొడుగునా బస దొరికేది కాదు. ఏ ఊళ్ళో ఏ ఇంట్లో నల్లవాళ్ళను దించుకుంటారో చెప్పే ‘గ్రీన్ బుక్’ అనే పుస్తకాన్ని 1936 నుంచి ముప్పై ఏళ్ళపాటు అచ్చు వేసుకుని చేతిలో పట్టుకొని ప్రయాణం చేసినారు. ఉద్యమం చేసి 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చుకున్నారు. అట్లాంటా నగరంలో 216 గదుల మోటలు యజమాని ఒకడు ‘నా మోటలు నా ఇష్టం, నల్లవాళ్ళను రానియ్యను’ అని కోర్టుకు పోయాడు. అదే ఏడాది డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. నలుగురికీ తలుపు తెరిచి వ్యాపారం చేసేవాడు రంగు చూసి తలుపు మూయకూడదు అని తేలిపోయింది.

ఇంకో సంగతి. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపింది మెంఫిస్ నగరంలో లొరైన్ మోటలు దగ్గర. నల్లవాళ్ళను దించుకునే మోటలు అది. పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు మద్దతుగా ఆ ఊరికి వచ్చి అక్కడ దిగారు. 1991లో ఆ మోటలును పౌరహక్కుల మ్యూజియంగా తెరిచారు. మన దగ్గర నవాబు మేడ హోటలయింది. అక్కడ పోరాడినోళ్ళు దిగిన హోటలు మ్యూజియమయింది. పాత కట్టడానికి కొత్త బతుకు ఇచ్చేటప్పుడు ఎవరి చరిత్రను పడుకోబెడతారు, ఎవరి చరిత్రను లేపి నిలబెడతారు అన్నది, పట్టుబట్టి అడిగిన జనాన్ని బట్టి ఉంటుంది.

మంచి పరుపు మీద పడుకోవడం పాపం కాదు. మన పిల్లలు కూడా కోటలో ఒక రాత్రి ఉండాలి, సొంత పేరు చెప్పి, సొంత ఊరు చెప్పి, ముందు తలుపున పోయి ఉండాలి. అడవి గెస్టుహౌసైనా, సర్కారు బంగళా అయినా, టౌనులో అద్దె గదైనా, ఊళ్ళో టీకొట్టు బెంచీ అయినా ఇదే సూత్రం.

వచ్చే కూటానికి ప్రతి పల్లె నుంచీ ఒక కాగితం రాసుకొని రావాలి. మీ ఊళ్ళో టీకొట్లు ఎన్ని, బెంచీ మీద మనోళ్ళు కూచుంటున్నారా లేదా. కొండ చుట్టుపక్కల డి.కె.టి. పట్టాలు ఎవరెవరికి ఎన్ని ఎకరాలు, కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి. హోటలు పనికి బయటి ఊళ్ళకు పోయిన పిల్లలు ఎంతమంది, వాళ్ళకు ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్. ఉన్నాయా. కొండ కథలు తెలిసిన ముసలోళ్ళు ఎవరు. రాయడం రానోళ్ళు చదువుకునే పిల్లల చేత రాయించండి. ముందు టీకొట్టు బెంచీతో మొదలు పెడదాం. బెంచీ మీద కూచోలేనోళ్ళం కోట గేటు దగ్గర గట్టిగా నిలబడలేం.

జై భీమ్!